కొల్లేటి దారిలో నాలుగు మూతలు

కొల్లేరు చూడాలనుకునేవాళ్ళు పక్షుల కోసమో, చేపల కోసమో, పెద్దింట్లమ్మ మొక్కు తీర్చుకోవడానికో బయల్దేరతారు. మేము మాత్రం ఏలూరు నుంచి ముందు తాడేపల్లిగూడెం వెళ్ళి, మళ్ళీ ఏలూరు వచ్చి, ఆ మర్నాడు కొల్లేటికి వెళ్ళాం. దారి తెలిసినవాళ్ళు ఇది విని మాకు మతి లేదనుకుంటారు. మతి లేకపోవడం కాదు, మా వారి కారు టైరుకి మూత లేకపోవడం దీనికి కారణం.

మా వారు ఏలూరులో ప్లీడరు. యుద్ధం అయిపోయాక ఒక దొరగారు దేశం వదిలి వెళ్తూ అమ్మేసిన కారు ఈయన చేతికి వచ్చింది. అది వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో నేను రెండో మనిషిని. పొద్దున్నే కాఫీ తాగి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నాలుగు చక్రాలకీ గాలి ఎక్కించే గొట్టాల మీదున్న చిన్న మూతల్ని వేళ్ళతో తడిమి, బిగువుగా ఉన్నాయనుకున్నాకే కోర్టుకి తయారయ్యేవారు. ఆ మాఘమాసంలో ఒకరోజు నాలుగో చక్రం దగ్గర వంగిన మనిషి లేవలేదు. నడుం పట్టిందేమోనని పరుగెత్తాను.

"మూత పోయిందే" అన్నారు, ఇంట్లో దొంగలు పడ్డారన్నట్టు.

మామూలు రోజుల్లో అయితే నవ్వి ఊరుకునేదాన్ని. అప్పుడు మాత్రం మా చెల్లెలు సీతని తీసుకురావాల్సి ఉంది. సీతని కొల్లేటి లంకల్లో ఒక చిన్న లంకకి ఇచ్చాం. వాళ్ళాయన అక్కడి బడిలో మేస్టారు. రెండేళ్ళ క్రితం ఏడో నెలలో పురిటికి ఎద్దుబండిలో బయల్దేరింది. వట్లూరు దాటేసరికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ దక్కలేదు. బండి కుదుపుల వల్లే అలా జరిగిందని డాక్టరమ్మగారు ఎప్పుడూ అనలేదు. అయినా ఆ తరవాత సీత ఎద్దుబండి ఎక్కలేదు. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది, తొమ్మిదో నెల. ఈసారి కుదుపు లేకుండా కారులోనే తీసుకురావాలని ఏలూరులోనే ఉన్న మా అమ్మ పట్టుబట్టింది. శుక్రవారం ప్రయాణానికి ముహూర్తం కూడా పెట్టించింది.

"మూత లేకుండా ఆ మట్టి దారిలోకి కారు దించను" అన్నారు మా వారు.

"మూత లేకపోతే గాలి పోతుందా?"

"పోదు."

"మరి దేనికండీ ఈ గొడవ?"

"గాలి ఆపడానికి లోపల వేరే పిన్నుంది. ఈ మూత బయటి దుమ్మూ బురదా లోపలికి పోకుండా కాపలా. ఒక్క ఇసక రేణువు ఆ పిన్ను కింద చేరిందంటే అది సరిగ్గా కూర్చోదు. అప్పుడు గాలి సన్నగా పోతూనే ఉంటుంది. నువ్వు ఆవకాయ జాడీకి మూత పెట్టాక కూడా పైన గుడ్డతో వాసెన కడతావు కదా, అలాగన్నమాట."

ఆవకాయతో పోల్చాక నేనూ ఒప్పేసుకున్నాను. ఏలూరులో ఆ కొలత మూత దొరకలేదు. తాడేపల్లిగూడెంలో మిలటరీ వాళ్ళు వదిలేసిన సామాన్లు అమ్మే కొట్టుందని ఎవరో చెప్పారు. అక్కడే మా పెద్దమ్మ ఉంది. బాలింతలకి పెట్టే కాయం ఆవిడ చేసినట్టు ఎవరూ చేయలేరు. మూతకీ కాయానికీ కలిపి గురువారం పొద్దున్న ఏడింటి పాసింజరు ఎక్కాం.

ఈ బండి ఎక్కదలచినవాళ్ళకి ఒక మాట. ఇది ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది, స్టేషన్ లేనిచోట కూడా ఆగుతుంది. కాబట్టి పలహారం కట్టుకుని ఎక్కండి. దెందులూరులో ఒక పెద్దాయన పొగాకు కట్టతో ఎక్కి మా ఎదురుగా కూర్చున్నారు. భీమడోలు వచ్చేలోగా మా ఊరూ పేరూ తెలుసుకున్నారు.

"ఏ పని మీదండీ గూడెం?"

"టైరు మూత కొనడానికండీ" అన్నారు మా వారు.

"టైరుకాండీ?"

"కాదండీ. మూతకి."

ఆయన మా వారిని కాసేపు చూసి, తరవాత నావైపు తిరిగి, "పిల్లలెందరమ్మా?" అని జాలిగా అడిగారు. చేబ్రోలు దాటేవరకూ నేను కిటికీలోంచి చేలు చూస్తూ నవ్వు ఆపుకున్నాను.

గూడెంలో దిగి రిక్షాలో వెళ్ళాం. యుద్ధకాలంలో విమానాలు దిగిన మైదానం పక్కనుంచే దారి. ఇప్పుడక్కడ గేదెలు మేస్తున్నాయి. కొట్టంటే కొట్టు కాదు, తాటాకు పాక. లోపల ఇనప గుట్టలు, చిరిగిన గుడారాలు, చక్రాలు. కొట్టాయన ఒక పాత పాలడబ్బా తెచ్చి గోనె మీద కుమ్మరించారు. అందులో నట్లూ బొత్తాలూ మధ్య ఇత్తడి మూతలు కొన్ని ఉన్నాయి.

"ఇయ్యేంటో నాకూ తెలీదండీ. గొడుగు కర్ర చివర తొడగడానికి పట్టుకెళతా ఉంటారు" అన్నారాయన.

మా వారు గోనె ముందు బాసింపట్టు వేసుకుని గంటసేపు వెతికారు. సరిపోయే కొలతది ఒకటే దొరికింది. నల్లగా, వికారంగా ఉంది. పైగా మిగతావాటిలా నెత్తి గుండ్రంగా లేదు, చివర సన్నగా సాగి చీలి ఉంది.

"ఇది విరిగిపోయిందండీ" అన్నాను.

"విరగడం కాదు, ఇది మరీ మంచిది. తిరగేసి గొట్టంలో పెడితే ఈ చీలిక లోపలి పిన్నుని పట్టుకుంటుంది. తాళంచెవిలా తిప్పి పిన్ను బయటికి తియ్యొచ్చు. మూతా అదే, తాళమూ అదే" అని దాన్ని చేతిరుమాల్లో మూటకట్టి జేబులో పెట్టుకున్నారు. నా మెడలో మంగళసూత్రం కట్టిన రోజున కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు. ఆ మాటే అంటే, "ఆ రోజు పొగలో నీకు నా మొహం కనపడలేదు" అన్నారు.

పెద్దమ్మ ఇంట్లో భోంచేసి, కాయం డబ్బా పట్టుకుని సాయంకాలం బండికి తిరిగి వచ్చాం.

శుక్రవారం తెల్లవారి ఆరింటికి బయల్దేరాం. వట్లూరు దాకా రోడ్డు బాగుంది. పెదపాడు దాటాక రోడ్డు అన్న మాట మర్చిపోవాలి. చేల మధ్య కరకట్ట లాంటి మట్టి దారి, రెండు వైపులా కోతలైన పొలాలు, చక్రాలు మునిగేంత దుమ్ము. మా వారు పెళ్ళికూతుర్ని నడిపిస్తున్నట్టు కారు నడిపారు. అయినా ఒకచోట ఎద్దు లాడం మేకు గుచ్చుకుని చక్రం ఒకటి కూర్చుంది. వెనక ఉన్న స్పేరు చక్రం బిగించి, పాత చక్రం మూతని కొత్తదానికి తొడిగి, "చూశావా, మూత భద్రం" అని నాకు చూపించారు. ఇక దగ్గర వేరే చక్రం లేదని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

పదింటికి గట్టు చేరాం. అక్కడితో నేల అయిపోతుంది. ఎదురుగా ఎంత దూరం చూసినా నీళ్ళు, తుంగ, నీళ్ళ మీద ఎండ. గూడబాతులు గుంపుగా కూర్చుని, సభకి పెద్దలు వచ్చినట్టు కదలకుండా చూస్తున్నాయి. వెళ్ళదలచినవాళ్ళు తాగే నీళ్ళు కూజాలో వెంట తీసుకెళ్ళండి. చుట్టూ ఇన్ని నీళ్ళున్నాయి కదా అని మేము మొదటిసారి మోసపోయాం.

కారు గట్టు మీద వదిలి తాటిదోనెలో లంకకి వెళ్ళాం. దోనె నడిపే సుబ్బయ్య కర్ర ఆనించి తోస్తూ, "ఈపాలి సీతమ్మగారు గట్టిగా ఉన్నారండి. మా ఆడోళ్ళంతా మొక్కుకున్నారండి" అన్నాడు.

సీత వాకిట్లోనే నుంచుంది. మొహం కాస్త పాలిపోయి, కళ్ళు మాత్రం పెద్దవై ఉంది. నన్ను చూడగానే, "కారు బాగా నడుస్తోందా అక్కా?" అని అడిగింది, ఎలా ఉన్నావని కాదు. రాత్రులు దానికి నిద్ర పట్టడం లేదని నాకు అర్థమైంది.

వాళ్ళ అత్తగారు పేరమ్మగారు కొరమీను పులుసుతో భోజనం పెట్టారు. సన్నటి, చురుకైన మనిషి. పోయిన బిడ్డ కోసం సీత కంటే ఎక్కువ ఏడ్చింది ఆవిడే అని మా అమ్మ చెప్పేది. ఈసారి తానే దగ్గరుండి ఏలూరు దింపుతానని చీర కూడా మార్చుకుని తయారుగా ఉన్నారు. మేము తింటుండగానే ఆవిడ నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని ముందు దోనెలో గట్టుకి వెళ్ళిపోయారు. "బండికి పూజ చెయ్యకుండా అమ్మాయిని ఎక్కించం అమ్మా" అని చెప్పి వెళ్ళారు. కొత్తగా కట్టిన పడవకైనా, నీళ్ళలోకి దించే ముందు పసుపూ బొట్టూ పెట్టి పూజ చెయ్యడం వాళ్ళ ఆచారం. కారుకి ఎందుకు చెయ్యకూడదు?

మేము సీతని తీసుకుని గట్టు చేరేసరికి కారు పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టుంది. కొల్లేటి నీళ్ళతో కడిగారు. ముందు అద్దానికి పసుపు, చక్రాలు నాలుగిటికీ బంతిపూల దండలు. మా వారు కారు చుట్టూ తిరిగారు. ఎప్పుడూ మూతలు తడిమే చెయ్యి ఈసారి దండల దగ్గర ఆగిపోయింది. పూలు చెదురుతాయనుకున్నారు. తనలాగే ఆ కారుని ప్రేమించినవాళ్ళు దొరికినందుకు ఆయనకి కళ్ళు చెమర్చాయి. నేను చూశాను.

వర్జ్యం వచ్చేలోగా కదలాలి. పేరమ్మగారు పళ్ళెంలో బియ్యం, పసుపు కొమ్ములు, వక్కలు సీత కొంగులో పోసి ఒడి కట్టారు. ఆ మూట పుట్టింట్లో దేవుడి ముందే విప్పాలి. దారిలో విప్పకూడదు, ఒక్క గింజ కూడా నేల తాకకూడదు. సీత ఆ మూటని రెండు చేతులతో పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ఒక పక్క పేరమ్మగారు, ఇంకో పక్క నేను. రెండు గంటలకి కదిలాం.

సగం దారి సుఖంగా నడిచింది. సీత నా భుజం మీద తల వాల్చి కునుకు కూడా తీసింది. పెదపాడు ఇంకా రెండు మైళ్ళుందనగా కారు ఒక పక్కకి లాగింది. మా వారు దిగి చూస్తే వెనక చక్రం సగానికి దిగిపోయింది. మేకు లేదు, కోత లేదు. దండ పక్కకి జరిపారు. గొట్టం మీద మూత లేదు. గొట్టం నోట్లో పసుపు ముద్ద, దాని మీద కుంకుమ బొట్టు. మిగతా మూడూ చూశారు. అన్నిటికీ అలాగే ఉంది.

"పిన్నిగారూ, వీటి మీద మూతలుండాలండీ" అన్నారు, చాలా మెల్లిగా.

"ఉన్నాయి బాబూ. నేనే తీశాను. బొట్టు నొసటి మీద పెడతాం గానీ టోపీ మీద పెడతామా? అన్నిటికీ టోపీ తీసి, పసుపు రాసి, వేలితో అద్ది బొట్టు పెట్టాను. ఈ చక్రానికి పెడతా ఉంటే బుస్సుమంది బాబూ. సంతోషించిందని మావాళ్ళంతా దణ్ణం పెట్టుకున్నారు."

వేలితో అద్దినప్పుడు పిన్ను కిందికి దిగి, తడి పసుపూ కొల్లేటి ఇసకా కలిసి లోపలికి పోయాయి. నాకే అర్థమైతే మా వారికి అర్థం కాకపోవడమేమిటి. ఆయన మొహం చూశాను. టైరు మీద ఈగ వాలితే విసుక్కునే మనిషి.

"మంచిపని చేశారండీ. నాకే ఎప్పుడూ తోచలేదు" అన్నారు.

ఆ క్షణంలో నాకు ఆయన మీద కలిగిన ప్రేమని ఇక్కడ రాయకపోతే ఈ కథనానికి అర్థం లేదు.

పంపు తీసి గాలి కొట్టారు. చక్రం లేచింది. పంపు మడిచేలోగా మళ్ళీ దిగింది. గొట్టం మీద ఉమ్మి రాస్తే బుడగలు వస్తున్నాయి. పిన్ను బయటికి తీసి కడగాలి. తియ్యడానికి గూడెం మూత కావాలి.

"తీసిన మూతలు ఎక్కడ పెట్టారండీ?"

"పారేస్తానా బాబూ? పళ్ళెంలో భద్రంగా పెట్టాను."

"పళ్ళెం ఏదండీ?"

పేరమ్మగారు సీత ఒడి వైపు చూశారు. పళ్ళెంలో ఉన్నదంతా ఆ ఒడిలోనే పోశారు.

అప్పుడే వెనకనుంచి ఎద్దుబండి ఒకటి వచ్చి ఆగింది. వరిగడ్డి దింపి ఖాళీగా వస్తున్న బండి. "ఏవండీ, ఆడోళ్ళతో ఎండలో ఎంతసేపుంటారండి? బండెక్కండి, పెదపాడులో దింపేస్తాను" అన్నాడు బండతను. మంచి మనసుతో అన్నమాటే. కానీ ఇరుసు కిర్రుమన్న చప్పుడుకే సీత నావైపు ముడుచుకుపోయింది.

"అక్కా, నేనెక్కను" అంది. "నడుస్తాను. లేకపోతే ఇక్కడే ఉంటాను. బండి మాత్రం ఎక్కను."

"ఒడి విప్పుదామే" అన్నాను.

సీత మూటని ఇంకా గట్టిగా పట్టుకుంది. పోయినసారి కూడా ఒడి పుట్టిల్లు చేరకముందే విప్పారు, డాక్టరమ్మగారు పడుకోబెట్టినప్పుడు. బియ్యం ఆస్పత్రి గచ్చు మీద పడ్డాయి. అది ఆ సంగతి ఎవరితోనూ అనదు. అక్కడున్న నాకు తెలుసు, పేరమ్మగారికీ తెలుసు. బండా, ఒడా అని అది నా మొహం వైపు చూస్తోంది.

పేరమ్మగారు కారులోనే దానివైపు తిరిగి కూర్చున్నారు. తన కొంగు ముందుకి లాగి, రెండు చేతులతో చాపి, సీత మోకాళ్ళకి ఆనించి పట్టారు.

"ఇందులో పొయ్యి తల్లీ" అన్నారు. "నేల మీద పడనివ్వను. మళ్ళీ నేనే నీ ఒడిలో పోస్తాను. ఒడిలోంచి ఒడిలోకే కదా."

సీత ఆవిడ మొహం చూస్తూ ముడి విప్పింది. గుప్పెడు గుప్పెడు తీసి ఆవిడ కొంగులో పోస్తుంటే నేను పక్కనుంచి వేళ్ళతో వెతికాను. వక్క, పసుపు కొమ్ము, మళ్ళీ వక్క. ఒక మూత దొరికింది. గుండ్రటి నెత్తిది. రెండోదీ అలాంటిదే. మా వారు తలుపు దగ్గర నుంచుని ఒక్కో గుప్పెడూ చూస్తున్నారు. సగం బియ్యం అటు వెళ్ళాక సీత పిడికిలి విప్పి, "బావగారూ, ఈ నల్లదేనా?" అంది. గూడెం మూత. ఒక్క గింజ కింద పడలేదు.

మిగతా పని ఎంతసేపు పట్టిందంటారా, పావుగంట. చీలిక లోపల పెట్టి తిప్పితే పిన్ను బయటికి వచ్చింది. పసుపు పూసుకుని అదీ పేరంటానికి వెళ్ళొచ్చినట్టుంది. కూజా నీళ్ళతో కడిగి, నా కొంగుతో తుడిచి, మళ్ళీ బిగించారు. గాలి మా వారూ బండతనూ వంతులవారీగా కొట్టారు. ఉమ్మి రాస్తే బుడగ రాలేదు. మిగతా మూడు గొట్టాల్లో పసుపు పైపైనే ఉంది. తుడిచి మూతలు పెట్టారు. మూడే దొరికాయి, నాలుగోది ఎంత వెతికినా కనపడలేదు. ఆ చక్రానికి మా వారు చేతిరుమాలు చింపి కట్టారు. వాసెన కట్టినట్టే ఉందని నేను అన్నాను. పేరమ్మగారు ఒడి మళ్ళీ కట్టారు.

ఐదున్నరకి ఏలూరు చేరాం. అమ్మ వీధి గుమ్మంలో హారతి పళ్ళెంతో నుంచుంది. సీత కారు దిగి, దేవుడి ముందు ఒడి విప్పి, అప్పుడు ఏడ్చింది.

ఇరవై రోజులకి ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు పురుడు చేసినప్పుడు పరమాన్నానికి ఆ ఒడిలో బియ్యమే చేటలో పోసి చెరుగుతుంటే నాలుగో మూత టప్పుమని పడింది. ఎంత వెతికినా దొరకంది ఏ పసుపు కొమ్ముకి అతుక్కుని దాక్కుందో. పురుడుకి వచ్చిన పేరమ్మగారు దాన్ని చింతపండుతో తోమి, తళతళలాడించి, అరచేతిలో పెట్టుకుని మా వారి దగ్గరికి వచ్చారు.

"బాబూ, చక్రాలకి ఇవి ఉండాలన్నారు ఆరోజు. దేనికో చెప్పండి."

"బయటి దుమ్మూ ధూళీ లోపలికి పోకుండా అండీ" అన్నారు మా వారు.

"అయితే ఇది నాకియ్యండి" అన్నారావిడ. ఆ సాయంకాలం చూస్తే పిల్ల మొలతాడుకి వెండి మువ్వల పక్కన ఇత్తడి మూత వేలాడుతోంది.

చైత్రంలో తల్లినీ పిల్లనీ గట్టు దాకా దింపి వచ్చాం. సుబ్బయ్య దోనె తుంగలోకి తిరిగేవరకూ చెయ్యి ఊపుతూ నుంచున్నాం. తిరుగు ప్రయాణంలో పెదపాడు దగ్గర కారు ఆపి మా వారు చక్రాలు చూసుకున్నారు. మూడిటికి మూతలు, నాలుగోదానికి చేతిరుమాలు ముక్క. దుమ్ముకి అది నల్లబడింది. ముడి విప్పి, దులిపి, మళ్ళీ కట్టారు.

"గూడెం వెళ్ళి ఇంకోటి తెచ్చుకుందామా?" అన్నాను, ఆయన తిక్క నాకూ అంటుకుని.

"పిల్లకి నడక రానీ" అన్నారు. "అందరం కలిసి వెళ్దాం."